వాదా, ముఆహిదా: మదనపల్లె నుంచి చూసిన అమెరికా



పోయిన నెల కుప్పంలో దగ్గరివాళ్ల నికా ఉంటే మదనపల్లెలో బస్సెక్కాం. పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా దారి. నా పక్క సీట్లో మా ఆపా కొడుకు. వాడికి అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చింది, వీసా ఇంటర్వ్యూ కోసం ఎదురు చూస్తున్నాడు. ఆపా తన జేవర్ అంతా బ్యాంకులో కుదువ పెట్టేసింది. అది చాలదు, ఇంటి కాగితాలు కూడా పెడదామంటుంది. దూలాభాయ్ వద్దంటాడు. ఆ ఇంట్లో నెల రోజులుగా ఇదే రగడ.

పుంగనూరు బస్టాండులో బస్సు ఆగింది. వాడు ఫోన్‌లోంచి తలెత్తి అడిగాడు.

"మామూ, అమెరికా దర్వాజా మూసేస్తుందని అందరూ అంటున్నారు. ఇదివరకు ఎప్పుడైనా మూసిందా?"

మూసింది బేటా, అన్నాను. కుప్పం చేరేదాకా చెప్తూనే ఉన్నాను. ఆ రోజు వాడికి చెప్పినదీ, ఇంటికొచ్చాక కితాబులు తిరగేసి సరిచూసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. మన ఇళ్లలో ఇలాంటి పిల్లలు ఇంకా చాలామంది ఉన్నారు కదా.

ఉర్దూ మీడియం బడిలో మా ఉస్తాద్ సాహెబ్ రెండు ప్రపంచ యుద్ధాల మధ్య అమెరికా పాలసీ గురించి బోర్డు మీద 'అలాహ్‌దగీ' అని రాశారు. తర్వాత డిగ్రీలో అదే పాఠం తెలుగులో 'ఏకాంత విధానం' అయింది. రెండు మాటలూ వింటే అమెరికా ఎవరితోనూ సంబంధం లేకుండా గది గడియ పెట్టుకుని కూర్చుందనిపిస్తుంది. మన మదనపల్లె నుంచి చూస్తే అలా కనిపించదు.

ఈ ప్రాంతానికి అమెరికా వాళ్లు కొత్తవాళ్లేం కాదు. అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి వాళ్ల ఆర్కాటు మిషన్ 1860ల నుంచే మదనపల్లెలో ఉంది. పుంగనూరులోనూ వాళ్ల స్టేషన్ ఉండేది. మదనపల్లెలో ఆడవాళ్ల కోసం మేరీ లాట్ లైల్స్ ఆస్పత్రి 1911లో మొదలైంది. ఊరికి కొద్ది దూరంలోని ఆరోగ్యవరం క్షయ ఆస్పత్రిని నడిపించిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ డెన్మార్క్ ఆయన. దానికి డబ్బూ మనుషులూ ఇచ్చిన మిషన్లలో అమెరికా వాళ్లూ ఉన్నారు. అమెరికా ఏకాంతంగా ఉందని చెప్పే రోజుల్లో కూడా ఈ ఆస్పత్రులు ఆగలేదు. మన దాదీలు, నానీలు ఎందరో ఆ వరండాల్లోనే మందు తీసుకున్నారు.

కాబట్టి అడగాల్సింది ఇది: దేన్ని బయటికి పంపింది, దేన్ని పంపలేదు?

మదరాసు నుంచి ఒక ఖత్

1915లో అనీ బిసెంట్ మదనపల్లెలో దివ్యజ్ఞాన సమాజం తరఫున కాలేజీ పెట్టారు. మరుసటి ఏడాది హోం రూల్ లీగ్ మొదలుపెట్టారు. 1917 జూన్‌లో మదరాసు హుకూమత్ ఆమెను నజర్‌బందీ చేసింది. అప్పుడు లీగ్ గౌరవాధ్యక్షుడు, మదరాసు హైకోర్టు మాజీ జడ్జి సర్ ఎస్. సుబ్రహ్మణ్య అయ్యర్ ఒక పని చేశారు. జూన్ 24న అమెరికా ప్రెసిడెంట్ ఉడ్రో విల్సన్‌కు నేరుగా ఖత్ రాశారు. స్వపరిపాలన ఇస్తే హిందుస్తాన్ ఈ యుద్ధానికి ఇంకా ఎంతోమందిని పంపగలదనీ, మీరు మా తరఫున మాట్లాడాలనీ దాని సారాంశం. సెన్సారు కళ్లు కప్పి ఆ ఖత్‌ను అమెరికా చేర్చింది హాచ్‌నర్ అనే అమెరికన్ దంపతులు.

విల్సనే ఎందుకు? అంతకు రెండు నెలల ముందే, ఏప్రిల్‌లో ఆయన లోకంలో జమ్హూరియత్‌ను కాపాడటానికంటూ అమెరికాను యుద్ధంలోకి దించాడు. కానీ అదే ఏడాది ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెస్ ఇంకో చట్టం చేసింది. ఆసియాలో చాలా భాగాన్ని 'నిషిద్ధ మండలం'గా గీసి, అక్కడి కూలీలూ మామూలు జనమూ వలస రాకూడదంది. అందులో హిందుస్తాన్ ఉంది. విల్సన్ ఆ బిల్లును వీటో చేసినా కాంగ్రెస్ దాన్ని తోసిపుచ్చింది. అంటే మన ఖత్ బయల్దేరేసరికే మన మనుషులకు దర్వాజా మూసి ఉంది.

ఖత్ సంగతి బయటపడ్డాక ఆంగ్లేయులు మండిపడ్డారు. భారత మంత్రి మాంటేగూ తప్పుపట్టాడు. ముసలితనంలో సుబ్రహ్మణ్య అయ్యర్ తన 'సర్' బిరుదునూ, దివాన్ బహదూర్ బిరుదునూ వదిలేశారు. ఆయన కోరిన పని మాత్రం జరగలేదు.

పన్నెండో నుక్తా

1918 జనవరి 8న విల్సన్ తన 14 సూత్రాలు ప్రకటించాడు. మన బుజుర్గులు పట్టుకున్నది పన్నెండో దాన్ని. ఉస్మానీ సల్తనత్‌లో తుర్కుల ప్రాంతాలకు సురక్షితమైన సార్వభౌమాధికారం ఉండాలని అందులో ఉంది. ఖలీఫా గద్దె ఏమవుతుందోనని బెంగపడే ముసల్మానుకు అది ఎంత పెద్ద ఉమ్మీద్! ఆ రోజుల జల్సాల్లో విల్సన్ మాట మళ్లీ మళ్లీ వినిపించింది.

అదే సూత్రంలో రెండో సగం కూడా ఉంది. తుర్కుల కింద ఉన్న ఇతర కౌములకు ప్రాణ రక్షణ, స్వయంగా ఎదిగే అవకాశం ఉండాలని. ఆర్మీనియన్ల మీద 1915 నుంచి జరిగిన జుల్మ్ చిన్నది కాదు, లక్షల ప్రాణాలు పోయాయి. మన ఖిలాఫత్ నాయకుల్లో చాలామంది ఆ ఖబర్లను దుష్ప్రచారమని కొట్టిపారేశారు. ఇన్సాఫ్ అడిగేవాడు ఎదుటి మజ్లూమ్ మాట కూడా వినాలి. మనం ఒక సగమే చదువుకున్నాం. ఈ మాట రాయకపోతే ఈ వ్యాసం రాయడానికి నాకు హక్కుండదు.

ఒక జుమా రోజు

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె కాలేజీకి వచ్చి కొన్ని రోజులున్నారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఆయన దోస్త్. జనగణమనకు ఇంగ్లీషు తర్జుమా ఠాగూర్ ఇక్కడే రాసిచ్చారు, ఫిబ్రవరి 28న. మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరాలు రాసి పెట్టారు. ఇది మన పిల్లలందరికీ తెలిసిన సంగతే.

తెలియనిది ఇంకొకటుంది. సరిగ్గా అదే రోజు, అదే జుమా నాడు, వాషింగ్టన్‌లో సెనేటర్ హెన్రీ కాబట్ లాడ్జ్ లేచి నానాజాతి సమితి ముసాయిదాను చీల్చి చెండాడాడు. పారిస్‌లో విల్సన్ తయారుచేసిన ఆ సమితిలో చేరితే ఎవరి యుద్ధానికో మన పిల్లల్ని పంపాల్సి వస్తుందన్నది అతని వాదన. ఉర్దూలో చరిత్రనూ, తేదీనీ ఒకే మాటతో పిలుస్తాం: తారీఖ్. ఒక తారీఖున మదనపల్లెలో ఒక దేశపు గీతం లోకం చదవగలిగే భాషలోకి వచ్చింది. అదే తారీఖున అమెరికాలో లోకంతో ముడిపడొద్దనే గొంతు గట్టిపడింది.

లాడ్జ్ వైపు వాళ్లందరూ మనకు దుష్మన్లని అనుకోవద్దు. సమితి ఒడంబడికలో పదో అధికరణం సభ్యదేశాల సరిహద్దులను అందరూ కలిసి కాపాడాలంది. అది బ్రిటిష్ సామ్రాజ్యానికి కాపలా కాయడమే కదా అని ఐర్లండ్ మూలాలున్న అమెరికన్లు అడిగారు. సెనేటర్ బోరా లాంటివాళ్లు ఆ ప్రశ్నను సభలో నిలబెట్టారు. అప్పుడు అమెరికాలోనే ఉన్న లాలా లజపతిరాయ్ హిందుస్తాన్ తరఫున ప్రచారం చేస్తున్నారు. డడ్లీ ఫీల్డ్ మలోన్ అనే వకీలు మన మాటను సెనేట్ విదేశాంగ కమిటీ ముందు పెట్టాడు. దర్వాజా మూసినవాళ్లలో మన కష్టం తెలిసినవాళ్లూ ఉన్నారు.

అటు పారిస్‌లో ఏం జరిగిందో చూడండి. 1919 మే 17న పెద్దల మండలి ముందుకు టర్కీ తరఫున మాట్లాడటానికి హిందుస్తాన్ వాళ్లు వెళ్లారు. మాంటేగూ, బికనీర్ మహారాజా, లార్డ్ సిన్హాలతో పాటు ఆగా ఖాన్, సాహిబ్‌జాదా ఆఫ్తాబ్ అహ్మద్ ఖాన్, అబ్దుల్లా యూసుఫ్ అలీ ఉన్నారు. మన ఇళ్లలో ఇంగ్లీషు తర్జుమాతో కనిపించే ఖురాన్ షరీఫ్ మీద పేరుండే యూసుఫ్ అలీ సాహెబ్ ఆయనే. విల్సన్ ఎదురుగా కూర్చుని విన్నాడు. కానీ రెండు రోజుల ముందే, మే 15న గ్రీకు సేనలు స్మిర్నాలో దిగిపోయాయి. ఆ అనుమతి ఇచ్చిన ముగ్గురిలో విల్సన్ ఒకడు.

అందుకే అంటాను, అమెరికా వెళ్లిపోవడం వల్లే వాదా విరిగిందనుకోవడం సగం నిజమే. గదిలో కూర్చుని ఉండగానే ఒకసారి విరిగింది.

మరో జుమా

1920 మార్చి 19. ఇదీ జుమాయే. ఆ రోజు హిందుస్తాన్ అంతటా ఖిలాఫత్ దినం. హర్తాళ్, దువాలు, జల్సాలు. లండన్‌లో అదే రోజు మౌలానా మహమ్మద్ అలీ, సయ్యద్ సులేమాన్ నద్వీ, సయ్యద్ హుస్సేన్‌ల వఫ్ద్ ప్రధాని లాయిడ్ జార్జ్‌ను కలిసింది. ఆయన మర్యాదగా విని, టర్కీకి ప్రత్యేకమైన దయ ఏమీ ఉండదని తేల్చేశాడు. వాషింగ్టన్‌లో అదే రోజు వర్సాయ్ ఒడంబడిక రెండోసారి సెనేట్ ఓటుకొచ్చింది. అనుకూలం 49, వ్యతిరేకం 35. మూడింట రెండొంతులకు 7 ఓట్లు తక్కువ. దాంతో అమెరికా నానాజాతి సమితికి దూరంగా ఉండిపోయింది. విచిత్రం చూడండి, బానిస దేశమైన హిందుస్తాన్ ఆ సమితిలో సభ్యురాలు, దాన్ని కలగన్న అమెరికా కాదు.

జూన్ 1న ఆర్మీనియా బాధ్యత తీసుకోమన్న విల్సన్ వినతిని కూడా సెనేట్ 52-23 తో కాదంది. అరబ్బు దేశాల్లో తిరిగిన అమెరికా వాళ్ల కింగ్-క్రేన్ కమిషన్‌తో 1919లో సిరియా జనం మాకు ఆజాదీ కావాలన్నారు, తప్పదంటే అమెరికా పర్యవేక్షణ మేలన్నారు. ఆ రిపోర్టు 1922 చివరిదాకా వెలుగు చూడలేదు. తుర్కులు, ఆర్మీనియన్లు, అరబ్బులు ఒకరితో ఒకరికి పడనివాళ్లే. ముగ్గురూ ఒకే దర్వాజా దగ్గర నిలబడి ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

దీనికి మా ఇంటి గుర్తు ఒకటుంది. మా పర్‌దాదీకి రెండు వెండి కడియాలుండేవట. ఖిలాఫత్ చందా కోసం వచ్చినవాళ్లకు ఒకటి తీసిచ్చిందని మా దాదా చెప్పేవారు. రెండోది ఆమె మయ్యత్ దాకా చేతికే ఉంది. "ఎందుకు రెండూ ఇవ్వలేదు?" అని చిన్నప్పుడు నేను అడిగితే దాదా నవ్వి, "ఇంట్లో ఐదుగురు పిల్లలు రా" అన్నారు.

ఆ తర్వాత తుర్కులు ఎవరి వాదా కోసమూ ఆగలేదు. ముస్తఫా కమాల్ నాయకత్వంలో పోరాడి, 1923 జులై 24న లూసాన్‌లో కొత్త ముఆహిదా రాయించుకున్నారు. 1924 మార్చి 3న ఖిలాఫత్‌ను వాళ్లే రద్దు చేశారు. మన వాళ్లు కడియాలిచ్చింది దేనికోసమో ఆ గద్దెను అక్కడివాళ్లే తీసేశారు. దూరం నుంచి చూసి భరోసా పెట్టుకోవడంలో ఉన్న ఖతరా అది. అయినా ఆ చందాలు, ఆ జల్సాలు ఉత్తగా పోలేదు. హిందూ ముసల్మానులు కలిసి వీధిలోకి రావడం ఈ దేశం అప్పుడే నేర్చుకుంది.

డబ్బుకు ఒక దారి, మనిషికి ఒక దారి

1923 ఫిబ్రవరి 19న అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో తీర్పిచ్చింది. అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ ఆయన. తెల్లవాడివి కాదు కాబట్టి నీకు పౌరసత్వం లేదంది. అంతకుముందు పౌరసత్వం పొందిన హిందుస్తానీల కాగితాలు కూడా రద్దు చేయడం మొదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడిపిన వైష్ణో దాస్ బగాయ్ అలా దేశం లేనివాడై 1928లో ప్రాణం తీసుకున్నాడు. 1924 మే నెలలో వచ్చిన వలస చట్టం తలుపుకు ఇంకో గడియ వేసింది.

కానీ విద్యార్థులకు, వ్యాపారులకు, మతబోధకులకు, యాత్రికులకు చట్టంలోనే మినహాయింపు ఉంది. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1922లో కాలిఫోర్నియాలోని ఓహాయ్ చేరి, దాన్ని రెండో ఇల్లు చేసుకున్నారు. అంతటి ఠాగూర్ మాత్రం 1929లో అక్కడి ఇమిగ్రేషన్ అధికారుల తీరుకు నొచ్చుకుని పర్యటన మధ్యలోనే వదిలేసి వచ్చారు. మినహాయింపు ఉండటం వేరు, ఇజ్జత్ ఉండటం వేరు.

డబ్బుకు ఈ గడియలేవీ లేవు. 1924 తర్వాత అమెరికా బ్యాంకులు జర్మనీకి అప్పులిచ్చాయి. జర్మనీ ఆ డబ్బుతో బ్రిటన్‌కు, ఫ్రాన్స్‌కు యుద్ధ పరిహారం కట్టింది. వాళ్లు దాంతోనే అమెరికాకు పాత బాకీలు తీర్చారు. లోకం బండి ఆ చక్రం మీదే నడిచింది. 1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్ కూలి ఆ చక్రం ఆగిపోయింది. 1930 జూన్‌లో అమెరికా దిగుమతి సుంకాలు పెంచేసింది, మిగతా దేశాలూ అదే దారి పట్టాయి. దెబ్బ మన సీమ మట్టిదాకా వచ్చింది. శెనక్కాయల ధర కూలింది, రైతు బాకీలో మునిగాడు. కుప్పం స్టేషన్ నుంచి రైలెక్కి జోలార్‌పేట దాటితే వాణియంబాడి, ఆంబూరు వస్తాయి. అవి మన తోళ్ల వ్యాపారుల ఊళ్లు. లండన్‌లోనో న్యూయార్క్‌లోనో బేరం పడిపోతే వాళ్ల మండీల్లో సందడి పోతుంది. ఏకాంతంగా ఉన్నామనుకున్న దేశం ఒక్క తుమ్ము తుమ్మితే ఇక్కడ మందికి జ్వరం వచ్చింది.

హబషా

అమెరికా జనాన్ని పూర్తిగా తప్పుపట్టలేను. మొదటి యుద్ధంలో లక్షా 16 వేల మంది పిల్లల్ని పోగొట్టుకున్నారు. 1934లో సెనేటర్ నై కమిటీ కూర్చుని, ఆ యుద్ధంలో ఆయుధ వ్యాపారులు, బ్యాంకులు ఎంత లాభపడ్డాయో బయటపెట్టింది. ఇంకోసారి మోసపోవద్దని 1935 ఆగస్టులో తటస్థత చట్టం చేశారు. యుద్ధం చేసే ఏ దేశానికీ ఆయుధాలు అమ్మరాదు.

వినడానికి ఇన్సాఫ్‌లానే ఉంది. రెండు నెలలైనా కాకుండానే, అక్టోబరు 3న ముస్సోలినీ ఇథియోపియా మీద పడ్డాడు. అదే మన హబషా. మక్కాలో జుల్మ్ భరించలేక హిజ్రత్ చేసిన సహాబాలకు పనాహ్ ఇచ్చిన నజాషీ బాద్‌షా దేశం. చట్టం ఇద్దరికీ ఆయుధాలు ఆపింది. ఇటలీకి సొంత ఫ్యాక్టరీలున్నాయి, హబషాకు లేవు. పెట్రోలు మాత్రం చట్టంలో లేదు, అమెరికా కంపెనీల పెట్రోలు ఇటలీకి పోతూనే ఉంది. జాలిమ్‌నూ మజ్లూమ్‌నూ ఒకే తక్కెడలో పెడితే ముల్లు ఎటు మొగ్గుతుందో హబషా చెప్పింది. అక్కడ ఉన్న నానాజాతి సమితి కూడా ఏమీ చేయలేకపోయిందన్నదీ నిజమే.

1939 జూన్‌లో హిట్లర్ నుంచి పారిపోయిన 900 మందికి పైగా యూదులతో సెయింట్ లూయిస్ ఓడ ఫ్లోరిడా తీరం దగ్గరికి వచ్చింది. దింపుకోలేదు. వెనక్కి పోయినవాళ్లలో చాలామంది తర్వాత నాజీల చేతుల్లో చనిపోయారు. హబషాలో నజాషీ తెరిచిన దర్వాజాను తలుచుకునేవాళ్లం మనం, ఈ ఓడను కూడా తలుచుకోవాలి.

1941 మార్చిలో అమెరికా మిత్రదేశాలకు అరువు మీద ఆయుధాలివ్వడం మొదలుపెట్టింది. డిసెంబరు 7న జపాన్ పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసేసరికి ఆ 20 ఏళ్ల ఏకాంతం ముగిసింది. ఈ మధ్యలో, ఆగస్టులో రూజ్వెల్ట్, చర్చిల్ కలిసి అట్లాంటిక్ చార్టర్ ప్రకటించారు. అన్ని జాతులకూ తమ హుకూమత్‌ను ఎంచుకునే హక్కు ఉందన్నారు. మన వాళ్లకు మళ్లీ పన్నెండో నుక్తా గుర్తొచ్చింది. నెల తిరక్కుండానే, సెప్టెంబరు 9న చర్చిల్ అది యూరప్ సంగతి, హిందుస్తాన్‌కు కాదన్నాడు. ఈసారి మన పెద్దలు ఖత్ రాసి కూర్చోలేదు. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా అన్నారు. 1946 జులైలో అమెరికా చట్టం మారి హిందుస్తానీలకు పౌరసత్వం ఇచ్చేందుకు ఒప్పుకుంది. ఏటా కేవలం 100 మంది వలస రావచ్చంది.

కుప్పం దగ్గరపడుతుండగా మా వాడు అడిగాడు. "అయితే వెళ్లొద్దంటారా మామూ?"

వెళ్లమనే అన్నాను. విద్యార్థికి ఆ దర్వాజా 1917లో కూడా పూర్తిగా మూయలేదు. కానీ వాదాకు, ముఆహిదాకు తేడా తెలుసుకుని వెళ్లు. ప్రెసిడెంట్ ఉపన్యాసం వాదా. సెనేట్ ఓటేసి సంతకం పడితే ముఆహిదా. ఏజెంటు చెప్పేది వాదా. నీ వీసా కాగితం మీద ఉన్నదే నీ ముఆహిదా, అదీ రాసిన తారీఖు దాకానే. వాళ్ల జనం మనసు మారితే చట్టం మారుతుంది, ఆ హక్కు వాళ్లది. మనం అక్కడ లేని ఓటు మీద ఇక్కడి ఇల్లు నిలబెట్టకూడదు.

నికా అయ్యాక దస్తర్‌ఖాన్ దగ్గర వాడు ఆపాకు ఈ సంగతంతా చెప్పాడు, పర్‌దాదీ కడియం దాకా. ఆపా చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి నావైపు చూసి, "రెండోది ఇప్పుడెక్కడుంది?" అని అడిగింది.

మా అమ్మీ పెట్టెలో ఉందన్నాను.

ఇంటి కాగితాలు బీరువాలోనే ఉన్నాయి. పిల్లవాడి ఇంటర్వ్యూ వచ్చే నెల. మీ దువాల్లో గుర్తుంచుకోండి. ఖుదా హాఫిజ్.